చేతి పలక చిన్నబోయిన వేళ



పద్యరచన ఒకసారి అంటుకుంటే వదలని వ్యసనమని మా గురువుగారు అంటుండేవారు. నాకది కళాశాల రోజుల్లో అంటుకున్నది. ఉద్యోగం, సంసారం, పాఠాల ఒత్తిడి నడుమ కొన్నేళ్ళు అడుగున పడి ఉండి, ఈ వేసవి సెలవుల్లో మళ్ళీ పైకి వచ్చినది. కారణం కొత్త పుస్తకమూ కాదు, కొత్త గురువూ కాదు. సామాజిక మాధ్యమాలకు కొంత ఎడంగా జరగడమే. ఇది నా ఒక్కడి సంగతి కాదు, మనవంటి పొరుగు రాష్ట్రాల తెలుగువారందరికీ సంబంధించినదని తోచి, మీ ముందుంచుతున్నాను.

హోసూరు ప్రాంతంలో తెలుగు చెప్పుకుంటూ బ్రతికే మావంటి వారికి ఈ మాధ్యమాలు వరంగానే వచ్చినవి. బళ్ళారిలో, బరంపురంలో, షోలాపురంలో, యానాంలో ఉన్న తెలుగువారు ఒకే సమూహంలో పలకరించుకోవడం మా పెద్దలు కలలోనైనా ఊహించని భాగ్యం. అయితే ఆ పలకరింపులను కొంచెం నిదానించి చూడండి. తెల్లవారగానే పూల బొమ్మ మీద అచ్చువేసిన శుభోదయం. పండుగనాడు ఒకే శుభాకాంక్ష అయిదు సమూహాల్లో అయిదుసార్లు. ఒకే వేమన పద్యం, ప్రతిసారీ ఒక్కో అక్షరం తప్పుగా. నడుమ నడుమ ఆంగ్లలిపిలో తెలుగు మాటలు. పంపేవారు ఎందరో, వ్రాసేవారు ఏ కొందరో. తెలుగు మన వ్రేళ్ళ మీదుగా సాగిపోతున్నది గాని, మన వ్రేళ్ళలో పుట్టడం లేదు.

బడి సమాచారం వచ్చే సమూహం ఒక్కటి తప్ప, తక్కిన వాటి నుండి మిత్రులకు చెప్పే సెలవు తీసుకున్నాను. ఆ ఒక్కటీ సాయంత్రం ఒకసారి చూస్తే చాలునని నియమం పెట్టుకున్నాను. మొదటి వారం చేయి ఊరకే చరవాణి వైపు పోయేది. ఏమీ తోచని ఆ ఖాళీలోనే, బీరువా అడుగున ఉన్న నోటు పుస్తకం చేతికి వచ్చినది. మొదట ఆటవెలదితో మొదలుపెట్టినాను.

ఆటవెలది లక్షణం మీకు తెలిసే ఉంటుంది. ఒకటవ, మూడవ పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండవ, నాలుగవ పాదాల్లో అయిదూ సూర్యగణాలే. పాదం మొదటి అక్షరానికీ నాలుగవ గణం మొదటి అక్షరానికీ యతి కుదరాలి; లేదా ప్రాసయతి వేయాలి. ప్రాసనియమం లేదు. వినడానికి సులువే. కూర్చుంటే గాని అందులోని కష్టం తెలియదు. కొన్ని సాయంత్రాలకు నాకు దక్కినది ఈ చిన్న పద్యం:

చేతి పలక వెలుగు చిన్నబోయిన రాత్రి
తెల్ల పుటల మీద తెలుగు మెరిసె
గణము గణము గూర్చి కవిత నల్లుచునుండ
నాటి పలుకు మరల నన్ను పిలిచె

ఇది గొప్ప కవిత్వమని చెప్పను. కాని దీనికై పడిన పాటు చెప్పదగినది. రెండవ పాదం మొదట "తెల్ల కాగితంపై" అని వచ్చినది. "తెల్ల", "కాగి" సూర్యగణాలే. "తంపై" రెండు గురువులై అడ్డం తిరిగినది. అక్కడ "పుటల మీద" అన్న మాట దొరకడానికి రెండు సాయంత్రాలు పట్టినది. మూడవ పాదంలో గకారానికి కకారంతో యతి కుదిరినప్పుడు కలిగిన ఆనందం, నూరు మెచ్చుకోలు గుర్తులు ఇచ్చేది కాదు. ఒక్క మాట కోసం పది మాటలను తలచుకోవలసి వస్తుంది. ఏనాడో మరచిన మాటలు ఆ వెదుకులాటలో తిరిగి వస్తాయి. ఎదురుచూడడం నేర్పేది పద్యం. ఎదురుచూడనక్కరలేదని నేర్పేది చేతి పలక.

సెలవుల అనంతరం ఇది బడికి కూడా వచ్చినది. తమిళనాట 2006 నాటి తమిళ అభ్యసన చట్టం 2006-07లో ఒకటవ తరగతితో మొదలై, ఏటికొక తరగతి చొప్పున పైకి సాగినది. ఆ చట్టం ప్రకారం తమిళం, ఆంగ్లం తప్పనిసరి, మాతృభాష ఐచ్ఛికం. మా పిల్లలు ఇంట తెలుగు మాట్లాడతారు, వ్రాత వచ్చేసరికి తడబడతారు. అటువంటి వారికి ఛందస్సా అని మీరు అడగవచ్చు. నేను పుస్తకం తెరవలేదు. లఘువుకు వేలితో బల్ల మీద ఒక తట్టు, గురువుకు అరచేతితో ఒక చరుపు. మూడు తట్లయినా, ఒక చరుపూ ఒక తట్టూ అయినా సూర్యగణం. మీ పేర్లలో వెదకండి అన్నాను. రమణ, కమల, సీత, రాము, అన్నీ సూర్యగణాలే. వెనుక బల్ల నుండి ఒక పిల్లవాడు లేచి, "సార్, రాగి ముద్ద రెండు సూర్యగణాలు!" అన్నాడు. తరగతి అంతా నవ్వినది. ఆ తరువాత మధ్యాహ్న భోజనం దాకా వాళ్ళు వంటింటి మాటలన్నీ తట్టి చూస్తూనే ఉన్నారు. ఆ మాటలను పలక మీద వ్రాయండని నేను చెప్పవలసిన పనిలేకపోయినది.

ఈ సంపద మనకు అరువు సొమ్ము కాదు. పదిహేడవ శతాబ్దిలో తంజావూరులో రఘునాథ నాయకుని కొలువున చేమకూర వేంకటకవి విజయవిలాసం రచించినాడు. తెలుగు పద్యం ఈ తమిళనేల మీద రాజసభలో వెలిగినది. ఇప్పుడు రాజులు లేరు. దానిని నిలుపవలసినది మన ఇళ్ళు, మన తరగతులు.

సామాజిక మాధ్యమాలను విడిచిపెట్టండని నేను అనను. దూరదేశాన ఉన్న బిడ్డ ముఖం చూపించేది అవే. రోజుకొక అరగంట వాటి నుండి తప్పించి, మీలో నిద్రించే విద్యకు ఇవ్వండని మాత్రమే నా మనవి. అది పద్యమే కానక్కరలేదు; పాట కావచ్చు, కథ కావచ్చు, ముగ్గు కావచ్చు. పద్యమే అయితే, ఈ రాత్రి అయిదు సూర్యగణాల పాదం ఒక్కటి కూర్చండి. నాలుగవ గణం దగ్గర యతి చూసుకోండి. దానిని ఏ సమూహానికీ పంపకండి. మీ ఇంట్లోని పిల్లవానికి వినిపించి, రెండవ పాదం వాడిని అడగండి.