టెంక పెడితే అదే పండు వస్తుందా?

మా ఇంట్లో పండు తిన్నాక గింజ నేరుగా చెత్తబుట్టలోకి వెళ్లదు. ముందు సింక్ పక్కనున్న స్టీలు గిన్నెలోకి చేరుతుంది. ఈ పద్ధతి పెట్టింది ఏడో తరగతి చదివే మా అమ్మాయి. మోండా మార్కెట్‌లో కొన్న నిమ్మకాయ, బొప్పాయి, రంజాన్ రోజుల్లో తెచ్చిన ఖర్జూరం, చివరికి కశ్మీర్ యాపిల్ అయినా సరే, గింజ ఆ గిన్నెలో పడాల్సిందే. మారేడ్‌పల్లిలో మేముండేది మూడో అంతస్తులో అద్దె ఫ్లాట్. తోట అంటే బాల్కనీ గోడ వారగా పెట్టిన పెరుగు డబ్బాలు, పాత పెయింట్ బకెట్లు, అంతే.

రెండేళ్లుగా చూస్తున్నాం కదా, ఒక్కో గింజది ఒక్కో తీరు. నిమ్మ గింజను కడిగి, ఆరిపోకముందే మట్టిలో పెడితే మూడు నాలుగు వారాల్లో మొలుస్తుంది. ఒక్కోసారి ఒకే గింజ నుంచి రెండు మొలకలు వస్తాయి. బొప్పాయి గింజ చుట్టూ ఉండే జిగురు పొర మొలకను అడ్డుకుంటుంది. అందుకే గింజల్ని జల్లెడలో వేసి, రుద్ది కడిగి విత్తాలి. ఖర్జూరం గింజను రోజూ నీళ్లు మారుస్తూ కొన్ని రోజులు నానబెట్టి, తడి గుడ్డలో చుట్టి ఉంచితే నెమ్మదిగా వేరు పోస్తుంది. మొదటి ఆకు అచ్చం గడ్డిపరకలా ఉంటుంది. యాపిల్ గింజకైతే చలికాలం గడిచిపోయిందన్న నమ్మకం కలగాలి. తడి టిష్యూ పేపర్‌లో చుట్టి, డబ్బాలో పెట్టి, రెండు మూడు నెలలు ఫ్రిజ్‌లో ఉంచాం. మొలిచింది. మన ఎండల్లో అది కాయలు కాస్తుందన్న ఆశ ఎవరికీ లేదు. అయినా మా అమ్మాయి దానికి రోజూ నీళ్లు పోస్తుంది.

అసలు చర్చ మొదలైంది మామిడి దగ్గర. కిందటి వేసవిలో బంగినపల్లి పండ్లు తిన్నాక నాలుగు టెంకలు ఎంచింది. మామిడి టెంకను దాచుకుంటే లోపలి జీడి ఎండి చచ్చిపోతుంది. తిన్న కొద్ది రోజుల్లోనే నాటాలి. పీచు గీకేసి, టెంక అంచును కత్తెరతో జాగ్రత్తగా చీల్చి, లోపలి గింజను తడి మట్టిలో పడుకోబెట్టాం. ఆ కత్తెర పని పెద్దవాళ్లే చేయాలి. నాలుగింటిలో రెండు మొలిచాయి. రాగిరంగులో మెరిసే ఆ లేత ఆకుల్ని చూసి ఇల్లంతా సంబరపడింది. మా అమ్మాయి రెండు బకెట్ల మీదా మార్కర్‌తో 'బంగినపల్లి' అని రాసేసింది.

మా అత్తయ్యది జగిత్యాల వైపు పల్లెటూరు. మామిడి తోటల మధ్య పెరిగిన మనిషి. బకెట్ మీద పేరు చదివించుకుని నవ్వింది. "టెంక పెడితే అదే పండు రాదు బిడ్డా. ఏమొస్తదో దాని కడుపుల ఉంటది" అంది.

ఆమె చెప్పింది నిజమే. బంగినపల్లి పువ్వు మీద తేనెటీగో, ఈగో ఏ చెట్టు పుప్పొడి తెచ్చి వేసిందో మనకు తెలియదు. టెంకలో ఉన్నది తల్లిచెట్టు నకలు కాదు, ఇద్దరి పోలికలూ కలిసిన కొత్త చెట్టు. నిమ్మ సంగతి వేరు. దాని గింజలో వచ్చే మొలకల్లో చాలావరకు తల్లి పోలికే. బంగినపల్లి, దశేరి లాంటి మన మామిడికి ఆ సౌకర్యం లేదు. అందుకే నర్సరీల్లో అంటు కడతారు.

మా అమ్మాయి ముఖం మాడిపోయింది. "అదే పండు రాకపోతే ఎందుకు పెంచడం? ఎన్నేళ్లకు కాస్తుంది?" అని అడిగింది. టెంక మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుందని చెప్పాను. వేళ్లు లెక్కపెట్టుకుని, "అప్పటికి నాకు ఇరవై. నానమ్మకు ఎనభై దాటుతాయి. అది కూడా పుల్లగా ఉంటే?" అంది. శనివారం పరీక్ష రాస్తే సోమవారానికి మార్కులు వచ్చే లోకంలో పెరుగుతున్న పిల్ల అలా అడగడంలో తప్పేముంది? అత్తయ్య మాత్రం బకెట్‌లో మట్టిని వేళ్లతో సర్దుతూ, "నేను తిన్న చెట్లు నేను పెట్టినయా?" అంది. మా అమ్మాయికి ఆ జవాబు చాలలేదు.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని చదివిన ఒక కథ మాత్రం ఆమెను పట్టేసింది. అమెరికాలోని ఫ్లోరిడాకు 1889లో భారతదేశం నుంచి మల్గోవా మొక్కలు వెళ్లాయి. ఆ మల్గోవా టెంకల్ని 1902లో జాన్ హేడెన్ అనే రిటైర్డ్ కెప్టెన్ తన స్థలంలో నాటారు. 1910లో వాటిలో ఒక చెట్టు అంతకుముందు ఎవరూ చూడని ఎర్రటి బుగ్గల పండు కాసింది. అప్పటికే ఆయన చనిపోయారు. మొక్కల్ని కాపాడి పెంచింది భార్య ఫ్లోరెన్స్. ఆ రకానికి హేడెన్ అనే పేరు పెట్టారు. హేడెన్ టెంక నుంచే తర్వాత టామీ అట్కిన్స్ అనే రకం పుట్టింది. అమెరికాలో ఉన్న మనవాళ్లు సూపర్ మార్కెట్‌లో కొనుక్కుని, పీచెక్కువని విసుక్కునే ఎర్ర మామిడి అదే!

అంత దూరం కూడా పోనక్కర్లేదు. మన పాత మామిడి రకాల్లో చాలావరకు ఇలా ఎక్కడో ఒక టెంక నుంచి అనుకోకుండా పుట్టినవే. ఎవరో రుచి చూసి, బాగుందనుకుని, ఆ కొమ్మను అంటు కట్టి నిలబెట్టారు. కావాలని రెండు రకాలను కలిపినా తర్వాత ఓపిగ్గా ఎదురుచూడాల్సిందే. మన పక్కనే ఉన్న సంగారెడ్డి పండ్ల పరిశోధన కేంద్రం రుమాని, నీలం రకాలను కలిపి 'మంజీర' అనే మామిడిని తయారుచేసింది. అక్కడి శాస్త్రవేత్తలు కూడా మొలకలు పెరిగి చెట్లై కాసేదాకా ఆగినవాళ్లే.

ఇంకో సంగతి విని మా అమ్మాయి మరీ ఆశ్చర్యపోయింది. నర్సరీలో మనం కొనే బంగినపల్లి అంటు అడుగు భాగం కూడా ఏదో పేరులేని నాటు టెంక నుంచి మొలిచిందే. దాని మీద బంగినపల్లి పుల్లను అతికి కడతారు. వేరు ఒకరిది, పండు ఒకరిది. అంటే మా బకెట్లలో మొక్కలకూ ఆ దారి ఉంది. ఏడాది వయసొచ్చి, కాండం పెన్సిల్ మందమైతే అంటు కట్టించవచ్చు. అంటు మొక్క నాలుగైదేళ్లలో కాస్తుంది, ఏ పండు వస్తుందో ముందే తెలుసు.

ఏది ఎంచుకోవాలో చెప్పకుండా నేనూ, మా వారూ నోరు కట్టేసుకున్నాం. అది అంత తేలిక కాలేదు. వారం రోజులు ఆలోచించి తనే తేల్చింది. ఈ వానాకాలం ఒక మొక్కకు బంగినపల్లి అంటు కట్టించింది, నానమ్మ తినడానికి. రెండోదాన్ని దాని మానాన వదిలేసింది. దాని బకెట్ మీద 'బంగినపల్లి' అన్న అక్షరాల్ని తడిగుడ్డతో రుద్ది తుడిచేసి, నాటిన తేదీ ఒక్కటే ఉంచింది. అంటు అతుక్కుని చిగుళ్లు వేశాక రెండింటినీ జగిత్యాల దగ్గర అత్తయ్య వాళ్ల తమ్ముడి పొలం గట్టున నాటుతారు. ఎందుకంటే మామిడి ఎంత ఓర్చుకున్నా పెయింట్ బకెట్‌లో చెట్టు కాలేదు.

మీ ఇంట్లోనూ మొదలుపెట్టాలనుకుంటే నిమ్మ, బొప్పాయి పిల్లలకు త్వరగా సంతోషం ఇస్తాయి. మామిడిని సీజన్‌లోనే, టెంక పచ్చిగా ఉన్నప్పుడే నాటండి. సీతాఫలం గింజలు నాటాలనుకుంటే వాటిని నమలకుండా, దంచకుండా చూడండి. ఆ పొడి కంట్లో పడితే చాలా ప్రమాదం. అడుగున చిల్లులున్న డబ్బా, కాస్త ఎర్రమట్టి, కాస్త కంపోస్ట్ ఉంటే సరిపోతుంది. డబ్బా మీద తేదీ మాత్రం పిల్లల చేతే రాయించండి.