చక్కెర లేని వైన్ మధుమేహులకు మంచిదేనా?



జర్మనీలో ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు సెలవులకు వచ్చేటప్పుడు పెద్దల కోసం ఒక్కోసారి రీస్లింగ్ వైన్ సీసా తెస్తుంటారు. దానిమీద ‘ట్రోకెన్’ అని ఉంటే, తీపి దాదాపు లేని ‘డ్రై’ వైన్ అని అర్థం. ‘తీపి లేదు గనుక మధుమేహులకు హాని లేదు’ అనే నమ్మకం కూడా ఆ సీసాతోపాటే ఇంట్లో అడుగుపెడుతుంది. అది ఎంతవరకు నిజమో చూద్దాం.

రీస్లింగ్ ఒక తెల్లద్రాక్ష రకం. జర్మనీలోని రూసెల్స్‌హైమ్‌లో 1435 నాటి లెక్కల పత్రంలోనే దీని పేరు కనిపిస్తుంది. దీనికి పేరు తెచ్చిన ప్రాంతాలలో మోజెల్ నదీలోయ ముఖ్యమైనది. అక్కడి తోటలు నిటారైన కొండవాలులలో ఉంటాయి. బ్రెమ్ గ్రామం వద్ద కాల్మోంట్ కొండ వాలు కొన్నిచోట్ల 65 డిగ్రీల వరకూ ఉంటుంది. నేలంతా పలకరాయి. మన మార్కాపురం పలకలు గుర్తున్నాయి కదా, ఆ జాతి రాయే. పగలు ఎండను పీల్చుకొని, రాత్రి ఆ వెచ్చదనాన్ని తీగలకు అందిస్తుంది. చలి ప్రాంతం కావడం వల్ల కాయ నెమ్మదిగా పండుతుంది, పులుపు తగ్గిపోదు. అందుకే ఈ వైన్‌లో నిమ్మ, పచ్చి ఆపిల్ పోలికలు తోస్తాయి. ఏళ్ళు గడిచిన సీసాలో సన్నని కిరోసిన్ వాసన కూడా రావచ్చు. అది కల్తీ కాదు, రీస్లింగ్ స్వభావమే.

ఇక తీపి సంగతి. ద్రాక్షరసంలోని చక్కెరను ఈస్ట్ ఆల్కహాలుగా మారుస్తుంది. ఆ పని మధ్యలో ఆగితే తీపి మిగులుతుంది. చివరిదాకా సాగితే వైన్ డ్రై అవుతుంది. అంటే చక్కెర మాయం కాలేదు, వేషం మార్చింది. పులుపు తగినంత ఉంటే లీటరుకు 9 గ్రాముల వరకూ చక్కెర ఉన్నా ‘ట్రోకెన్’ అని రాసుకోవచ్చు. 150 మిల్లీలీటర్ల గ్లాసుకు అది గ్రామున్నర లోపే. కానీ 12 శాతం ఆల్కహాలున్న అదే గ్లాసులో సుమారు 14 గ్రాముల ఆల్కహాలు, దాని నుంచే దాదాపు 100 కేలరీలు ఉంటాయి.

అసలు ప్రమాదం కేలరీలలో కాదు. నా మిత్రులొకరు మధుమేహానికి గ్లిమిపిరైడ్ మాత్రలు వాడేవారు. ఒక రాత్రి ‘చక్కెర లేనిదే కదా’ అని రెండు గ్లాసులు తాగి, భోజనం మానేసి పడుకున్నారు. తెల్లవారుజామున ఒళ్ళంతా చెమటలు, తడబడే మాట. ఇంటివారు మత్తు దిగలేదనుకున్నారు. ఆయన కోడలు గ్లూకోమీటరుతో చూస్తే 42 ఉంది. స్పృహ ఉన్నందున గ్లూకోజు నీళ్ళు తాగించి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళారు గనుక దక్కారు.

కారణం ఇది. మనం తిననప్పుడు కాలేయం కొత్త గ్లూకోజును తయారుచేసి రక్తానికి అందిస్తుంది. ఆల్కహాలును విరిచే పనిలో పడితే ఆ తయారీ మందగిస్తుంది. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వంటి మందులు మాత్రం చక్కెరను తగ్గిస్తూనే ఉంటాయి. తాగినవారి మగతకూ, చక్కెర పడిపోయినవారి మగతకూ పైకి తేడా తెలియదు. కాబట్టి అనుమానం వస్తే ముందు గ్లూకోమీటరు తీయండి. స్పృహ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇవ్వండి. స్పృహ లేకుంటే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

వైన్‌ను ఇంతగా ఆదరించే ఐరోపాలో సైతం చట్టం ఈ విషయంలో కఠినంగా ఉంది. జర్మనీలో ఒక రైతుల సహకార సంఘం పులుపు తగ్గించిన తమ వైన్‌ను ‘కడుపుకు హితమైనది’ అనే అర్థం వచ్చేలా ప్రచారం చేసుకోగా, అది చెల్లదని 2012లో ఐరోపా న్యాయస్థానం తేల్చింది. ఆల్కహాలు ఏ మోతాదులోనూ పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది.

మోజెల్ రైతు శ్రమను, ఆ నేల గొప్పదనాన్ని మెచ్చుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. అయితే ‘డ్రై’ అన్నది రుచిని తెలిపే మాట, వైద్య సలహా కాదు. అలవాటు లేనివారు కొత్తగా మొదలుపెట్టవద్దు. మధుమేహానికి మందులు వాడుతూ తాగే అలవాటున్నవారు ఆ సంగతి తమ వైద్యునికి దాచకుండా చెప్పండి. ఖాళీ కడుపుతో మాత్రం ఎన్నడూ తాగకండి.