పీక ఎండకుండా

మా ఇంట్లో ఉర్దూ లేదు. దూదేకులవాళ్ళం. నమాజుకి నాలుగు సూరాలు, బతుక్కి తెలుగు, పొట్టకి సన్నాయి. గుంటూరు జిల్లాలో మా తాత మేళం లేకుండా ఆ చుట్టుపక్కల రాములవారి కల్యాణం జరిగేది కాదు. హైదరాబాదు వచ్చి లక్డీకాపూల్‌లో గది తీసుకున్నాకే తెలిసింది, నేను రెండువైపులా సంజాయిషీ చెప్పుకోవాల్సిన మనిషినని. ఉర్దూ రాదా, నువ్వేం ముసల్మానువి అని ఒకరు. మీవాళ్ళు గుళ్ళో కూడా వాయిస్తారా, ఎంత మంచివాళ్ళో అని ఇంకొకరు. రెండోదే ఎక్కువ గుచ్చుకుంటుంది.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ. మర్నాటి నుంచి తెలంగాణ అంతా మూత. మెట్రో లేదు, రవీంద్రభారతిలో కచేరీలు లేవు. గదిలో పడివున్న ఒక పాత నోటుబుక్కు తీసి, రోజుకొక శాస్త్రీయ సంగీతపు రికార్డు విని రాయడం మొదలుపెట్టాను. రాగమేది, ఎవరి శిష్యుడు, ఎక్కడ ఊపిరి తీసుకున్నాడు. కాలక్షేపమే. పదిరోజులు తిరక్కముందే అది కాలక్షేపం కాకుండా పోయింది.

మార్చి ఆఖర్న నిజాముద్దీన్ మర్కజ్ వార్త వచ్చింది. రోగానికి మతం అంటగట్టారు. మా సందులోకి తోపుడుబండి తెచ్చిన కూరగాయలాయన్ని పేరడిగి వెనక్కి పంపారు. (ఆ ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లిగీల మీద కేసులు కొట్టేసి, వాళ్ళను బలిపశువులను చేశారంది. ఆ వార్త మాత్రం నాకెవరూ ఫార్వర్డు చెయ్యలేదు.)

ఆ రాత్రి షేక్ చినమౌలానా తోడి విన్నాను. 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టాడు. చిలకలూరిపేట ఆదం సాహెబు దగ్గర నేర్చుకున్నాడు. అది చాలక, తంజావూరు బాణీ కోసం తమిళదేశం పోయి నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైక్కణ్ణు సోదరుల దగ్గర మళ్ళీ శిష్యుడై కూర్చున్నాడు. శ్రీరంగంలో స్థిరపడ్డాడు. 1998లో సంగీత కళానిధి. 1999లో పోయాడు. ఇందులో మతసామరస్యం ఎక్కడుంది? సాధన ఉంది. తోడిలో గాంధారాన్ని అలా ఊపుతూ నిలబెట్టడానికి ఊపిరి కావాలి, ఏళ్ళు కావాలి. దాన్ని మంచి ముస్లిం సర్టిఫికెట్టుగా మార్చి మా చేతిలో పెడితే ఎట్లా?

బడే గులాం అలీఖాన్ 1968 ఏప్రిల్‌లో కన్నుమూసింది మా పేటకు దగ్గర్లోని బషీర్‌బాగ్‌లోనే. సమాధి పాతబస్తీలో, దాయిరా మీర్ మోమిన్‌లో. ఆయన పాడిన హరి ఓం తత్సత్ ఆ ఏప్రిల్‌లో నా ఫోనుకొచ్చింది. పంపినాయన కూరగాయల బండిని తిప్పిపంపినవాళ్ళలో ఒకడు. పాట కావాలి, వంకాయలు వద్దు!

సంగీతం హరాం అనే మావాళ్ళకీ ఒక మాట. మా తాత ప్రతి రంజానుకీ ఇచ్చిన ఫిత్రా సన్నాయి ఊది సంపాదించిందే.

ఏప్రిల్ 2 శ్రీరామనవమి. భద్రాచలంలో కల్యాణం భక్తులు లేకుండా జరిగింది. ఊళ్ళో మేళం నడిపే మా చిన్నాయనకి ఫోన్ చేశాను. వేసవి పెళ్ళిళ్ళే మేళగాళ్ళకి ఏడాది గ్రాసం. తీసుకున్న బయానాలన్నీ తిరిగిచ్చేశాడట. ఎదుటివాడి ఊపిరంటేనే జనం భయపడే రోజుల్లో ఊపిరితో బతికేవాణ్ణి ఎవరు పిలుస్తారు? ఆ జనవరిలోనే షేక్ మహబూబ్ సుభాని, కాలీషాబీ దంపతులకి పద్మశ్రీ ప్రకటించారు. ఇద్దరూ చినమౌలానా శిష్యులే. ఒక ముస్లిం స్త్రీ నాదస్వరంతో అంతదూరం వెళ్ళిందని మా ఇళ్ళల్లో పండగ చేసుకున్నాం. మూడు నెలలు తిరక్కుండా మా మేళాలకి పస్తులు.

నోటుబుక్కు రంజాను నెలంతా సాగింది. మే 25న ఈద్. నమాజు ఇళ్ళల్లోనే. ముబారక్ చెప్పడానికి చిన్నాయనకి ఫోన్ చేసి, సన్నాయి పక్కన పెట్టేశావా అని అడిగాను.

"పెడితే ఎట్టా అబ్బాయ్? పీక ఎండితే పలకదు. రోజూ పొద్దున్నే దొడ్లో ఊదుతున్నా."

"ఏం రాగం?"

"బిలహరి. ఇయ్యాల పండగ గదా, కాసేపు ఎక్కువే ఊదా."

తేదీ వేసి రాసుకున్నాను.