పాడియు, పదిమంది పూచీయు

ఓడరేవును, ఉక్కు కర్మాగారమును గల యీ విశాఖపట్టణమున మా యింటికి ఆనందపురము వైపునుండి పాలు తెచ్చు తల్లి యొకతె, మొన్న నొక అప్పుకాగితమును చదివి చెప్పుమని నన్ను గోరినది. చూడికట్టిన ఆమె గేదె వట్టిపోయినది. దానిని కొన్న బ్యాంకు అప్పునకు వాయిదా దగ్గరపడినది. గడపకే సొమ్ము తెచ్చి యిత్తునన్న వాని కాగితమది. వారమువారము కిస్తీ యని చదివితినో లేదో, "ఈనువఱకు పాలే లేవు గదమ్మా, వారమువారము ఎట్లు కట్టుదును?" అని దానిని మడిచి తిప్పిపంపినది.

ఇట్టి అప్పుల వసూలులో జరిగిన వేధింపులవలననే 2010లో ఉమ్మడి రాష్ట్రమున ఆర్డినెన్సు వెలువడెను. 1982లో మొదలైన డ్వాక్రా బాటలో నడచు ఆమె సంఘమున పదిమంది తల్లులు నెలనెల పొదుపు చేసి, ఒకరికొకరు పూచీపడుదురు. ఆ వాయిదాను వారే పొదుపునుండి కట్టిరి. గేదె యీనినపిదప ఆమె తీర్చును.

కావ్యములు చదివిన నాకు తోచని లెక్క వ్రేలిముద్ర వేయు నామెకు తోచినది. అప్పు చిన్నదైన చాలదు; పాడి తీరు నెఱిగినదై యుండవలెను.