సుంకం లేని సాయం

సావనీరుకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం కార్యదర్శి అడిగినప్పుడు, "ఏం రాయమంటావు తమ్ముడూ?" అన్నాను. "క్యాంటీన్ గురించీ, ఎలక్షన్ల గురించీ, హాస్టల్ మెస్సు గురించీ పాత విద్యార్థులంతా రాసేశారండీ. మీరు మీ ఉద్యోగం గురించి రాయండి" అన్నాడు. నా ఉద్యోగం గురించి వినే ఓపిక మా ఇంట్లోవాళ్ళకే లేదు. అయినా అడిగాడు కాబట్టి రాస్తున్నాను. ఎకనామిక్స్ లెక్చరర్లు తప్పులుంటే దిద్దగలరు. తక్కినవాళ్ళు ఆవులింత వచ్చిన చోట పేజీ తిప్పేయవచ్చు.

నేను శంషాబాదులో, ఎయిర్‌పోర్టు కార్గో దగ్గర, ఒక కస్టమ్స్ క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో పనిచేస్తున్నాను. విదేశాల నుంచి పెట్టె దిగితే దానికి బిల్ ఆఫ్ ఎంట్రీ వేయాలి. అందులో సరుకు పేరు, విలువ, కట్టవలసిన సుంకం, మినహాయింపు ఏమైనా ఉంటే దాని నంబరు రాయాలి. ఐక్యరాజ్యసమితి, ప్రపంచబ్యాంకు వంటి సంస్థల డబ్బుతో, ప్రభుత్వ ఆమోదంతో నడిచే ప్రాజెక్టుల సరుకుకు 1997లో వచ్చిన 84వ నంబరు కస్టమ్స్ నోటిఫికేషన్ సుంకం మాఫీ చేసింది. సాయంగా వచ్చిన దాని మీద సుంకం ఏమిటి, అది ధర్మం కాదు గదా అని ఎవరికైనా అనిపిస్తుంది. మన దేశం పెద్దది. ఆదాయప్పన్ను ఉంది, జి.ఎస్.టి. ఉంది. నాలుగు పెట్టెలు సుంకం లేకుండా వెళ్ళిపోతే ఖజానాకు చీమ కుట్టినట్టయినా ఉండదు.

కానీ యుద్ధం నలిపేసిన దేశం సంగతి ఆలోచించండి. అక్కడ ఆదాయప్పన్ను ఎవరి దగ్గర వసూలు చేస్తారు? ఇళ్ళు కూలిపోయాయి, పొలాల్లో మందుపాతరలున్నాయి, అంగళ్ళకు లెక్కల పుస్తకాలు లేవు. అటువంటి సర్కారుకు చేతికందే పన్ను సరిహద్దులో లారీని ఆపి తీసుకునే సుంకం ఒక్కటే. మన పాత హైదరాబాదు రాజ్యంలో ఆ శాఖను కరోడ్‌గిరీ అనేవారు, ఆపే చోటును నాకా అనేవారు. నాకా ఎవరి చేతిలో ఉంటే రాజ్యం వాళ్ళది. ఆ నాకా గుండా వచ్చే లారీల్లో చాలామటుకు సాయం సరుకే అయి, ప్రతిదానికీ మినహాయింపు కాగితం ఉంటే, గుమస్తా చేతికి మిగిలేది కాగితం ఒక్కటే. తాము అప్పిచ్చిన ప్రాజెక్టుల్లో న్యాయమైన పన్నులకు కూడా తమ డబ్బు వాడవచ్చునని ప్రపంచబ్యాంకు ఒప్పుకున్నది 2004లో. అంతవరకూ సాయమంటే పన్ను తగలనిదనే సంప్రదాయమే నడిచింది.

ఈ ఆలోచన నాకు పుస్తకాల్లోంచి రాలేదు. ఎం.ఏ.లో నా పక్క బెంచీవాడు హెరాత్ నుంచి వచ్చిన అఫ్ఘాన్ విద్యార్థి. భారత ప్రభుత్వం ఇచ్చే ఐ.సి.సి.ఆర్. స్కాలర్‌షిప్పు మీద చదువుకునేవాడు. "నేను కూడా సాయమే భాయ్, నా మీద సుంకం లేదు" అని నవ్వేవాడు. వాళ్ళ నాన్నకు రెండు లారీలుండేవి. ఇరాన్ సరిహద్దులోని ఇస్లాం ఖలా నాకా నుంచి హెరాత్‌కూ, అక్కడి నుంచి కాందహార్ వైపుకూ తిరిగేవి.

వాడు చెప్పిన సంగతి నేను మరిచిపోలేను. సరిహద్దులో సుంకం కట్టిన తర్వాత రోడ్డు మీద పోలీసు చౌకీలు వరసగా తగిలేవట. ప్రతి చౌకీలోనూ చేతిలో ఎంతోకొంత పెట్టాలి, రశీదు మాత్రం ఉండదు. చీకటి పడ్డాక తాలిబన్లు ఆపేవారు. వాళ్ళు ఒక్కసారే తీసుకుని, కాగితం మీద రాసి, ముద్ర కొట్టి ఇచ్చేవారు. ముందుకు పోయాక వాళ్ళ మనుషులే మళ్ళీ ఆపినా ఆ కాగితం చూపిస్తే వదిలేసేవారు. "ప్రపంచమంతా డబ్బిచ్చిన సర్కారు రశీదు ఇవ్వలేదు. కొండల్లో తిరిగేవాళ్ళు రశీదిచ్చారు. మా నాన్న ఏ సర్కారుకు పన్ను కట్టినట్టు?" అని అడిగాడు. తాలిబన్లంటే వాడికి ప్రేమ లేదు, వాళ్ళ మేనమామ ప్రాణం తీసింది వాళ్ళే. అయినా ఆ ప్రశ్న అడిగాడు.

మా క్లాసులో దీని మీద వాదాలు బాగానే నడిచేవి. బయటి నుంచి ఊరికే డబ్బు వచ్చే పాలకుడు ప్రజల దగ్గర పన్ను అడగడనీ, అడగనివాడు జవాబు చెప్పడనీ ఒక వాదం. 2003లో ఐ.ఎం.ఎఫ్. ఆర్థికవేత్తలు కొందరు లెక్కలు గట్టి, గ్రాంటు పెరిగితే పన్ను వసూలు తగ్గుతుందనీ, తిరిగి కట్టవలసిన అప్పయితే పెరుగుతుందనీ చెప్పారు. తరువాత మరింత మెరుగైన లెక్కలు దొరికాక ఆ సూత్రం అంత గట్టిగా నిలవలేదు. అఫ్ఘానిస్తాన్ సంగతే చూడండి. 2002–03లో ఆ సర్కారు సొంత రాబడి సుమారు 13 కోట్ల డాలర్లు. 2011–12 నాటికి అది 200 కోట్ల దరిదాపుకు వచ్చింది. ఆ ఏళ్ళలో సాయం వరదలాగా వచ్చింది, వసూలూ పెరిగింది. హెరాత్‌లో గవర్నరుగా ఉండి సుంకం సొమ్ములో చాలా భాగం తన దగ్గరే ఉంచుకున్న ఇస్మాయిల్ ఖాన్‌ను 2004లో తొలగించాక సరిహద్దు రాబడి కాబూలుకు చేరే దారి ఏర్పడింది. కస్టమ్స్ ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టింది కూడా సాయం డబ్బుతోనే.

మరి తేడా ఎక్కడ వచ్చింది? వచ్చిన సాయంలో ఎక్కువ భాగం కాబూలు ఖజానా గుమ్మం తొక్కనే లేదు. దాతల సంస్థలు తమ సొంత ఆఫీసులు పెట్టుకుని, తమ కాంట్రాక్టర్లతో బళ్ళూ రోడ్లూ కట్టించాయి. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చిన ఇంజనీరు, టీచరు సర్కారు కొలువు వదిలి దానికి ఎన్నో రెట్ల జీతానికి ఆ ఆఫీసుల్లో డ్రైవరుగానో, దుబాసీగానో చేరిపోయాడు. రోడ్డు పడింది గానీ, ఆ రోడ్డు ఎవరిచ్చారని అడిగితే బోర్డు మీద ఉన్నది వేరే దేశం జెండా. పాడైతే ఎవరి మీద అరవాలో ఊరివాళ్ళకు తెలియదు. 2021కి ముందు ఆ దేశంలో ప్రజల కోసం అయ్యే ఖర్చులో మూడు వంతులు, అంటే 75 శాతం, విదేశీ డబ్బేనని ప్రపంచబ్యాంకు లెక్క.

ఈ విషయంలో నాకు కళ్ళు తెరిపించింది మాత్రం శంషాబాదులోని ఒక టీకొట్టు. ఎయిర్‌పోర్టు 2008 మార్చిలో మొదలైంది. చుట్టుపక్కల భూముల రేట్లు ఆకాశానికి పోయాయి, ఎవరి ఇల్లు ఎవరిదన్న తగాదాలు మొదలయ్యాయి. సెలవుల్లో మా అఫ్ఘాన్ మిత్రుణ్ణి విమానం ఎక్కించడానికి వెళ్ళినప్పుడల్లా ఆ కొట్టు దగ్గర ఆగేవాళ్ళం. ఒకరోజు ఆ కొట్టు పెద్దమ్మ ఒక ప్లాస్టిక్ సంచిలోంచి కాగితాల కట్ట తీసి లెక్కపెట్టుకుంటోంది. అన్నీ పంచాయతీ వాళ్ళిచ్చిన ఇంటిపన్ను రశీదులే. కొన్ని పసుపుపచ్చగా మారిపోయాయి.

"ఇన్నేండ్ల కాయితాలు ఎందుకు పెద్దమ్మా?" అన్నాను.

"గట్లంటవేంది బిడ్డా? రేపు ఎవడన్నొచ్చి ఈ ఇల్లు నీదేనా అంటే ఏం జెప్పాలె? గీ రశీదులే జెప్తయి. పైసలు కట్టిన్నంటే నేనీ ఊరిదాన్నే. మోరీ సాఫ్ చెయ్యకుంటే ఇవి పట్టుకపోయి సర్పంచినే అడుగుత" అన్నది.

నేను తర్జుమా చేసి చెప్పాను. మా వాడు చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "మా దగ్గర పన్ను అంటే పోయిన డబ్బు. ఈవిడ దగ్గర పన్ను అంటే దాచుకున్న డబ్బు" అన్నాడు. ఎకనామిక్స్‌లో ఇంత సూటి మాట నాకు ఏ పుస్తకంలోనూ కనపడలేదు.

ఇదంతా ఎక్కడో కాబూలు గొడవ, మనకెందుకు అనుకోకండి. మన హైదరాబాదు కూడా ఈ దారిన నడిచినదే. 1800 సంవత్సరపు ఒప్పందంతో, రక్షణకు పెట్టిన కంపెనీ సైన్యం ఖర్చు కింద, నిజాం బళ్ళారి, కడప మొదలైన ప్రాంతాలు వదులుకున్నాడు. అవే దత్తమండలాలు. తరువాత చందూలాల్ పేష్కారుగా చక్రం తిప్పిన 1806–1843 మధ్య సైన్యాల జీతాలకు డబ్బు చాలక, విలియం పామర్ కంపెనీ దగ్గర నూటికి పాతిక రూపాయల దాకా వడ్డీకి అప్పులు తెచ్చారు. ముందుగా రొక్కం ఇచ్చినవాడికి తాలూకాను గుత్తకు రాసిచ్చారు. వాడు తన సొమ్ము రాబట్టుకోవడానికి రైతును పిండాడు. 1823లో పామర్ అప్పు తీరింది, కానీ ఉత్తర సర్కారులకు కంపెనీ ఏటేటా ఇవ్వవలసిన పేష్కష్‌ను శాశ్వతంగా వదులుకుని తీర్చారు. 1853లో బీరారు చేజారింది. అదే ఏడు దివాన్ అయిన మొదటి సాలార్ జంగ్ తాలూకాలను ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకుని, 1865లో జిలాబందీ పెట్టి, జీతం మీద పనిచేసే అధికారుల చేత శిస్తు వసూలు చేయించాడు. రాజ్యం నిలదొక్కుకున్నది అప్పుడు. ఇది సాయం కాదు, అప్పే, ఒప్పుకుంటాను. అయినా పరాయి డబ్బు మీద నిలిచిన పాలకుడికి రైతు ముఖం చూసే అవసరం తగ్గడం అక్కడా ఇక్కడా ఒక్కటే.

దీనికి ఎదురుగా మరో కథ ఉంది. మన యూనివర్సిటీలో చదివిన ఆఫ్రికా విద్యార్థుల్లో సోమాలియా వాళ్ళు చాలామంది. ఆ దేశపు ఉత్తర భాగం 1991 మేలో సోమాలీలాండ్ అని వేరుపడింది. గుర్తింపు లేని రాజ్యానికి ప్రపంచబ్యాంకు అప్పివ్వదు. మిగిలింది బెర్బెరా రేవు సుంకం ఒక్కటే. 1992లో ఆ రేవు కోసం తెగలు కొట్టుకున్నాయి, తర్వాత పెద్దలు కూర్చుని రాజీ చేశారు. 1993లో బోరామాలో నెలల తరబడి సభ జరిపి ఏ తెగకు ఎంత ప్రాతినిధ్యమో తేల్చుకున్నారు. వ్యాపారులు కొత్త సర్కారుకు అప్పులిచ్చారు. రేవు సుంకం కావాలంటే అందరినీ కలుపుకోక తప్పలేదు. స్వచ్ఛంద సంస్థల సాయం అక్కడికీ అందింది గానీ, సర్కారు ఖర్చుకు మాత్రం సొంతవాళ్ళనే బతిమాలుకోవలసి వచ్చింది. బీదరికం పోలేదు, కానీ అంతపాటి శాంతి మొగదీషుకు ఆ రోజుల్లో దక్కలేదు.

అయితే సాయం ఆపేస్తే సరిపోతుందా? ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. 2021 ఆగస్టు 15న కాబూలు తాలిబన్ల చేతికి వచ్చింది. సర్కారుకు వచ్చే సాయం ఆగిపోయింది, విదేశాల్లో ఉన్న నిల్వలు స్తంభించాయి. దేశం ఆకలితో అల్లాడింది. అయినా కొత్త పాలకులు నాకాలన్నీ తమ చేతిలో పెట్టుకుని, దారి మామూళ్ళు అరికట్టి సుంకం గట్టిగానే రాబట్టారు. కానీ ఆ వసూలుతో పాటు జనానికి అడిగే నోరు రాలేదు. మా మిత్రుడి చెల్లెలు హెరాత్‌లో యూనివర్సిటీ మూడో ఏడు చదువుతుండగా 2022 డిసెంబరులో ఆడపిల్లలకు యూనివర్సిటీలు మూసేశారు. "ఇప్పుడు ప్రతిదానికీ రశీదు ఇస్తున్నారు భాయ్. మా నాన్న పన్ను కడుతూనే ఉన్నాడు. చెల్లెలి కాలేజీ ఎందుకు మూశారని అడగడానికి మాత్రం ఆఫీసు లేదు" అని ఫోనులో చెప్పాడు. వాడు ఇంకా ఇంటికి వెళ్ళలేదు.

అదే ఏడాది జనవరి 1న మన దేశం కాబూలుకు 5 లక్షల డోసుల కోవాగ్జిన్ పంపింది. అది మన హైదరాబాదు జీనోం వ్యాలీలో పుట్టిన మందు. కాబూలులోని ఇందిరాగాంధీ ఆసుపత్రికి అందజేశారని చదివి నేను సంతోషపడ్డాను. దాని మీద సుంకం వేయాలని ఏ గుమస్తా అనడు. ఆకలికీ రోగానికీ పంపే సాయం ఆపమనేవాడు మనిషి కాదు. నేననేది, ఏళ్ళ తరబడి సాగే సాయం ఏ గుమ్మం గుండా పోతోంది అన్నది. ప్రజల పన్ను జమయ్యే ఖజానా గుండానే వెళ్ళి, అదే లెక్కల పుస్తకంలో ఎక్కి, అడిగినవాడికి ఆ లెక్క చూపిస్తే, సాయం పోయినా సర్కారు మిగులుతుంది. పక్కదారిన పోయి వేరే జెండా కింద పంచితే, సాయం పోయిననాడు మిగిలేది మూతపడ్డ ఆఫీసులే. వసూలు ఒక్కటే జరిగి, అడిగే హక్కు లేకపోతే దాన్ని పన్ను అనరు, కప్పం అంటారు.

విద్యార్థి మిత్రులకు చివరగా ఒక మాట. ఈ సావనీరులో సగం పేజీలు ప్రకటనలేనని నాకు తెలుసు, అవి లేకపోతే ఇది అచ్చు కాదని కూడా తెలుసు. ఆ డబ్బు తెచ్చినందుకు కార్యదర్శిని మెచ్చుకోండి. కానీ మీ ఫీజుతో పాటు సంఘం చందా ఎంత పట్టుకున్నారో రశీదులో చూసుకోండి. ఆ చందా, ఈ ప్రకటనల డబ్బూ ఒకే పుస్తకంలో జమ చేసి చూపించమని జనరల్ బాడీలో లేచి అడగండి. ఇది రాయమని అడిగిన తమ్ముడు ఏమీ అనుకోడనే నమ్మకంతో రాస్తున్నాను.