మిర్చి ఎరుపు, మనిషి రంగు

మా తల్లాడలో బాబాయికి చిన్న ఫొటో స్టూడియో ఉంది. మొన్న సెలవుల్లో ఇంటికెళ్తే, "నువ్వు చదివేది కంప్యూటరేగా, ఫొటోలు చూసుకోడానికి మంచి మానిటర్ ఏదో చెప్పరా" అన్నాడు. బడ్జెట్ 15,000.

ఇది గేమింగ్ మానిటర్ కొనుక్కోవడం లాంటిది కాదు. ఆయన పాత స్క్రీన్ మీద కళకళలాడే ఫొటో, ల్యాబ్ నుంచి ప్రింటై వచ్చేసరికి మసకబారిపోతోంది. ఒక పెళ్లివాళ్లయితే "మా పిల్ల ఇట్లా ఉండదు" అని ఆల్బమ్ వెనక్కిచ్చేశారు. మళ్లీ ప్రింట్ వేయిస్తే ఆ పెళ్లి మీద మిగిలేదేం ఉండదు.

నేను కాంట్రాస్ట్, గామట్ అంటూ మొదలుపెట్టగానే "తెలుగులో చెప్పు" అన్నాడు. చిన్నప్పటి నుంచీ ఇంగ్లిష్ మీడియం కదా, నాకు అదే కష్టమైంది.

ఆయన పాతది టీఎన్ ప్యానెల్. నెమలికంఠం పట్టుచీర తెలుసుగా, ఒక పక్క నుంచి నీలం, ఇంకో పక్క నుంచి పచ్చ. టీఎన్ కూడా అంతే, తల కాస్త ఎత్తినా దించినా రంగు మారిపోద్ది. వీఏ ప్యానెల్‌లో నలుపు మంచి చిక్కగా ఉంటుంది. ఐపీఎస్ కాంట్రాస్ట్ మామూలుగా 1000:1 అయితే, వీఏది దాదాపు 3000:1. సినిమాలకు బాగుంటుంది గానీ, పక్క నుంచి చూస్తే మొహాలు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. ఐపీఎస్‌లో చీకటి గదిలో నలుపు కాస్త బూడిదగా ఉన్నా, ఎటు నుంచి చూసినా రంగు పెద్దగా మారదు. స్టూడియోలో పెళ్లివాళ్లు నలుగురు కుర్చీ చుట్టూ నిలబడి చూస్తారు. కాబట్టి ఐపీఎస్.

షాపులో మాత్రం 165 హెర్ట్జ్ కర్వ్‌డ్ మానిటర్ చూపించారు. కదలని ఫొటోకి 165 హెర్ట్జ్ ఎందుకు? అక్కడే, మేం తీసుకెళ్లిన ఎండు మిర్చి కల్లం ఫొటో పెట్టి చూశాం. ఖమ్మం జిల్లా వాళ్లకి తేజ మిర్చి ఎరుపు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ స్క్రీన్ మీద అది నిప్పులా ఉంది. ఎక్కువ రంగులు చూపించగల స్క్రీన్ మామూలు ఫొటోని సరిగ్గా సర్దకపోతే ఇలాగే అవుతుంది. చూడ్డానికి బ్రహ్మాండం, కానీ అబద్ధం. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చిన ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల కొలత ఉంది. ఫొటో ల్యాబులు చాలావరకు అడిగేది ఆ ఫైళ్లే. అందుకే దాన్ని దాదాపు 100 శాతం చూపించే 24 అంగుళాల ఐపీఎస్ తీసుకున్నాం.

అయినా సగం రోగం ప్యానెల్‌లో లేదు, బ్రైట్‌నెస్‌లో ఉంది. ఎప్పుడూ 100 మీదే ఉండేది. స్క్రీన్ అంత వెలిగిపోతుంటే ఎవరైనా ఫొటోని డల్ చేస్తారు, కాగితానికేమో సొంత వెలుగు లేదు. ప్రింట్ల కోసం పనిచేసేవాళ్లు 120 క్యాండెలాల దగ్గర పెట్టుకుంటారు. మా దగ్గర కొలిచే పరికరం లేదు. స్క్రీన్ పక్కన తెల్ల కాగితం పట్టుకుని, రెండూ ఒకేలా అనిపించేదాకా తగ్గించాం.

అప్పుడు పాత ఆల్బమ్ ఫైళ్లు తెరిస్తే ఇంకోటి బయటపడింది. పెళ్లికూతుళ్ల మొహాలు పిండిబొమ్మల్లా ఉన్నాయి, చేతులు మాత్రం అసలు రంగులో. తెల్లగా చేయమని అడిగేది కస్టమర్లే. పాత స్క్రీన్ మీద ఆ తేడా ఇంతగా తెలియలేదు. బాబాయ్ చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఇప్పుడు మాత్రం ఫైనల్ చేసేముందు "ఉన్నట్టే ఉంచమంటారా?" అని అడుగుతున్నాడు. కొందరు సరే అంటున్నారు. ఎక్కువమంది ఇంకా తెల్లగానే కావాలంటున్నారు. దానికి ఏ ప్యానెల్లోనూ మందు లేదు.

మీరెవరైనా మానిటర్ కొనేటట్టయితే, షాపువాళ్ల డెమో వీడియో చూసి పడిపోకండి. పెన్‌డ్రైవ్‌లో మీ అమ్మ ఫొటో ఒకటి తీసుకెళ్లండి. ఆమె రంగు మీకు తెలుసు.