కిలో పద్నాలుగు రూపాయలు

బట్టల సబ్బు కొనుక్కొస్తానని వెళ్ళిన మనిషి నాలుగువందల ముప్పై కిలోల పుస్తకాలతో ఇల్లు చేరడం ఎలా సంభవమో మావారికి ఈనాటికీ అర్థం కాలేదు. నాకు మాత్రం పూర్తిగా అర్థమయిందని చెప్పలేను.

2022 జూలై నెల. హైదరాబాదులో ముసురు పట్టి మూడు రోజులయింది. మా వీధి చివర ఒక పాత ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగి ఉంది. చిత్తుకాగితాల వ్యాపారి పుస్తకాల కట్టలను తాడుతో బిగించి, కొక్కెం త్రాసుకు తగిలించి తూస్తున్నాడు. ఆ ఇల్లు రిటైరయిన ఒక ఇంగ్లీషు మాస్టారిది. ఆయన పోయి ఏడాది దాటింది. పిల్లలు ఇల్లు అమ్మేశారు. ఆయన భార్య హనుమకొండలో కూతురు దగ్గరికి వెళ్ళిపోతున్నారు. ఆమె అరుగు మీద కూర్చుని, తన సామానే కానట్టు తూకం చూస్తున్నారు.

కట్టల సందులోంచి థామస్ హార్డీ కనిపించాడు. పక్కనే జార్జి ఇలియట్. ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నదాన్ని, అనువాదం చేసుకుని బతుకుతున్నదాన్ని, వాళ్ళు వానలో తడుస్తుంటే గొడుగు పట్టుకుని దాటిపోవడం ఎలా?

“కిలో ఎంతకు కొంటున్నావు?” అని అడిగాను.

“పన్నెండు.”

“నేను పద్నాలుగిస్తాను.”

ఆ మాట నోరు దాటిన తరువాతగాని అన్నది నేనేనని తెలియలేదు. మొత్తం ఆరువేల ఇరవై రూపాయలు. ఒక చిన్న పుస్తకం అనువాదానికి అంతకుముందు వారమే ముట్టిన పారితోషికం దాదాపు అంతా అక్కడే ఖర్చయిపోయింది. ఆ ట్రాలీలోనే పుస్తకాలు మా ఇంటికి వచ్చాయి. ముందుగది నిండింది. మావారు గుమ్మంలో నిలబడి, “సబ్బు ఏదీ?” అని మాత్రమే అడిగారు.

చేసిన పనికి తరువాత కారణం వెతుక్కోవడంలో చదువుకున్నవాళ్ళు ఘటికులు. రాత్రి అయ్యేసరికి నేను పాత పుస్తకాల వ్యాపారంలోకి దిగినట్టు తేల్చుకున్నాను. కిలోకు మూడు నాలుగు పుస్తకాలు తూగుతాయి. ఒక్కొక్కటి యాభై రూపాయలకు అమ్మినా పద్నాలుగు రూపాయలు నూటయాభై అవుతాయి కదా! ఈ లెక్కలో తప్పేమీ లేదు. కొనేవాళ్ళు లేకపోవడం ఒక్కటే లోపం.

ఆదివారాల్లో ఆబిడ్స్ వైపు వెళ్ళినవారికి ఆ దృశ్యం తెలిసే ఉంటుంది. దుకాణాలు మూసి ఉంటాయి. వాటి ముందు పేవ్‌మెంటు మీద పట్టాలు పరిచి పుస్తకాలు పేరుస్తారు. ఎవరి జాగా ఎవరిదో చీటీ రాసి ఉండదు గాని, దస్తావేజు ఉన్నంత ఖాయంగా పాటిస్తారు. ఊరికి వెళ్ళిన ఒకాయన జాగా నాకు నాలుగు ఆదివారాలకు దొరికింది. పక్క జాగా అతను ఆ వ్యాపారంలో తలపండినవాడు. మొదటివారం నన్ను గంటసేపు గమనించి, “చదువుకుంట కూసుంటే గిరాకీ రాదు మేడమ్. పుస్తకం మీ సొంతం అనుకుంటరు” అన్నాడు. పుస్తకం మూసేశాను. అరగంటలో రెండు పుస్తకాలు అమ్ముడయ్యాయి.

అతని దగ్గర నేర్చుకున్నది విశ్వవిద్యాలయంలో దొరకని విద్య. పోటీపరీక్షల పుస్తకాలకు ఏడాది దాటితే విలువ సగం పడిపోతుంది. పాఠ్యపుస్తకాలకు కాలేజీలు తెరిచే రోజులే పంటకాలం. అప్పుడు జనమంతా కోఠీ దుకాణాల దగ్గరే ఉంటారు. నేరపరిశోధన నవలకు అట్ట చిరిగినా ఫరవాలేదు, చివరి పేజీ ఉండాలి. సోవియట్ కాలంలో మాస్కోలో అచ్చయిన తెలుగు పిల్లల పుస్తకాలను నడివయసు వాళ్ళు బేరం చెయ్యకుండా కొంటారు. అవి వాళ్ళ చిన్నతనం మరి. నా హార్డీని, ఇలియట్‌ను ఎవరూ ముట్టుకోలేదు. ఇక చెమ్మ సంగతి చెప్పనే అక్కరలేదు. వానాకాలంలో పుస్తకాలను కాపాడటం పసిపిల్లలను సాకడం వంటిదే. వేపాకు, నాఫ్తలీన్ గోళీలు, ఎండ వచ్చిన గంటలో పేజీలు విప్పి ఆరబెట్టడం... అనువాదం మూలనపడింది.

ఈ వ్యాపారానికి కాలు నిలవదు. మద్రాసు మూర్ మార్కెట్ 1985లో తగలబడింది. ఢిల్లీ దరియాగంజ్ ఆదివారపు సంతను 2019లో కోర్టు ఉత్తర్వుతో పేవ్‌మెంటు మీద నుంచి ఎత్తివేస్తే, దగ్గరలోని మహిళా హాట్ ఆవరణలో తిరిగి పెట్టుకున్నారు. కలకత్తా కాలేజీ స్ట్రీట్‌లో తరతరాలుగా పుస్తకాల మీదే బతుకుతున్న కుటుంబాలున్నాయి. నేను నాలుగు ఆదివారాలకే డస్సిపోయాను.

మూడో ఆదివారం నాడు సంచి అడుగునుంచి ఒక బరువయిన పుస్తకం బయటపడింది. బ్రౌన్ దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు. మొదట 1852 ప్రాంతంలో అచ్చయినదానికి 1903లో మద్రాసులో వేసిన సవరించిన కూర్పు. అంచులనిండా పెన్సిలు రాతలు. నేను దాన్ని ఒడిలో పెట్టుకుని చూస్తుండగానే ఒక పెద్దమనిషి ఆగి, తిరగేసి, “తొమ్మిదివేలిస్తాను. వచ్చే ఆదివారం డబ్బు తెస్తాను” అన్నాడు. పక్క జాగా అతను కళ్ళతోనే ‘ఒప్పుకోండి’ అన్నాడు. ఒప్పుకున్నాను.

ఇంటికి వచ్చి తూచాను. రెండున్నర కిలోలు. అంటే నేను ఇచ్చింది ముప్పై అయిదు రూపాయలు.

వ్యాపారమంటే ఇదే కదా అనుకున్నాను. ఆమె అడిగిన ధర కంటె తక్కువ ఇచ్చానా? లేదు. వ్యాపారి కంటె రెండు రూపాయలు ఎక్కువే ఇచ్చాను. ఇలా నాలో నేను వాదించుకుంటూ పేజీలు తిప్పుతున్నాను. ‘తాడు’ అన్న మాట దగ్గర పెన్సిలు రాత అంచు చాలక కింది జాగాలోకి పాకింది. ముకుతాడు, పగ్గం, పలుపు, తలుగు, చేంతాడు, మోకు. ఒక్కొక్కదానికీ చిన్న వివరణ: ఇది ఎద్దు ముక్కుకు, ఇది మెడకు, ఇది బావికి. ప్రతిదాని చివరా ‘ఇం.’ అని ఒక పొడి అక్షరం. అలాంటివి పుస్తకమంతటా వందలున్నాయి. ‘ఇంగ్లీషు’ అయి ఉంటుందనుకుంటే, దాని పక్కన ఇంగ్లీషు మాట ఒక్కటీ లేదు. పల్లెటూరి నవల ఒకటి అనువదిస్తూ, అక్కడి ‘రోప్’లన్నిటికీ ‘తాడు’ అని రాసి పంపిన మనిషిని నేను. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నాలుగో ఆదివారం ఆబిడ్స్‌కు వెళ్ళలేదు. ఉప్పల్‌లో హనుమకొండ బస్సెక్కాను. ఆ పెద్దమనిషి తొమ్మిదివేలతో వచ్చి వెళ్ళాడని పక్క జాగా అతను ఫోన్లో కోపంగా చెప్పాడు.

ఆమె నన్ను గుర్తుపట్టారు. ఎంతకు అమ్ముడుపోబోయిందో, నేనెంతకు కొన్నానో దాచకుండా చెప్పాను. సగం డబ్బు మీకు ముట్టాలని కూడా అన్నాను. ఆమె ఆ మాట విన్నట్టు లేదు. చేత్తో అట్ట తడుముతున్నారు. రెండు కళ్ళకూ శుక్లాలట, చదవలేరు.

“ఇందుల ఏం రాసిండు?” అని అడిగారు.

తాళ్ళ సంగతి చదివి వినిపించాను. ‘ఇం.’ అంటే ఏమిటో మీకు తెలుసా అని అడిగాను.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా అన్నారు: “ఇంట్ల అని ఉంటది. నేను ఏదన్న అంటె, మళ్ళ చెప్పు మళ్ళ చెప్పు అనేటోడు. దాన్ని మీ ఊర్ల ఏమంటరు అనేటోడు. ఇంగ్లీషు చదివినాయన, నన్ను ఎక్కిరిస్తున్నడనుకున్న బిడ్డా. కొన్నేండ్లు ఆయన ముందల మా ఊరి మాట మాట్లాడుడే బందుపెట్టిన.”

ఏమనాలో నాకు తోచలేదు. మాటలే నా వృత్తి గదా!

కూతురు కాఫీ తెచ్చింది. ఆమె లోపలికి వెళ్ళి కొంగుముడి విప్పుకుంటూ వచ్చి, ముప్పై అయిదు రూపాయలు లెక్కపెట్టి నా చేతిలో పెట్టారు. వద్దన్నాను. “కొన్న ధరకన్న తీసుకో” అన్నారు. తీసుకున్నాను. పుస్తకం ఆమె పక్కన మంచం మీద పెట్టాను.

“ఏదీ, ఆ తాడు మళ్ళొక్కసారి చదువు.”

చదివాను. మోకు దగ్గర ఆపేశారు.

“ఏమని రాసిండు?”

“లావుపాటి తాడు అని.”

“గంతేనా? గౌండ్లాయన తాడిచెట్టు ఎక్కేటప్పుడు నడుముకు వేసుకునేది మోకు. గది చెప్పనే లేదు నేను.” కొంచెం ఆగి, “నీ దగ్గర పెన్సిలు ఉన్నదా?” అన్నారు.

ఉంది. పాత పుస్తకాల మీద ధరలు రాసే పెన్సిలు. ఆమె చెప్పింది చెప్పినట్టు, మాస్టారి రాతకింద మిగిలిన జాగాలో రాసి, చివర ‘ఇం.’ అని పెట్టాను.

“చివరి బస్సు ఎన్నింటికి నీకు?” అని అడిగారు.

“తొమ్మిదింటికనుకుంటా.”

“అయితె ఇంకో అక్షరం చదువు.”